పర్దాలో ఉన్న మేక

బాబూమియా నోటి నుంచి నిజం ఒక్కటీ బయటికి రాదు. ఇది నేను చాడీగా చెప్పడం లేదు, యాకుత్‌పురాలో మా గల్లీ మొత్తం ఒప్పుకున్న సంగతే. నిజం నిప్పులాంటిదంటారు కదా, నోరు కాలుతుందని కాబోలు, ఆయన దాని జోలికే పోయేవాడు కాదు. అలాగని ఆయనవి ఒకరి కొంప ముంచే అబద్ధాలు కావు. ఎవరూ అడగనివి, ఎవరికీ నష్టం లేనివి, ఎవరూ నమ్మనివి.

ఆయన గుర్రాల జీన్లు కుట్టేవాడు. టాంగావాళ్ళ కళ్ళేలు, తోలుపట్టీలు ఏవి తెగినా మా ఎదురింటి అరుగు మీదికి, అంటే ఆయన దగ్గరికి రావలసిందే. సూదిలో దారం ఎక్కేలోపే కథ మొదలయ్యేది. పొద్దున్నే ఆయన్ని "బాగున్నవా చాచా" అని అడగడం మన తప్పు.

"ఏం బాగుంట సీతారాం. రాత్రి మా ఇంట్ల ఏనుగు దూరింది."

మా గల్లీలో రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిందే. "గింత గల్లీల ఏనుగెట్ల దూరింది చాచా?"

"పక్కకు తిరిగి దూరింది" అని ఆయన దారాన్ని పళ్ళతో కొరికేవాడు.

ఒక వానాకాలం మూసీ పొంగినప్పుడు నులకమంచం మీద తేలుతూ అఫ్జల్‌గంజ్ దాకా పోయి, ఉల్లిగడ్డలు కొనుక్కొని, అదే మంచం మీద ఇంటికి చేరాడట. పోవడం సరే, ఎదురు నీళ్ళలో తిరిగి ఎట్లా వచ్చావని అడిగాను. "మంచానికి ఇల్లు తెల్వదా?" అన్నాడు.

ఆయన భార్య మహబూబ్ బీ పర్దా మనిషి. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. భర్త అబద్ధం పూర్తికాగానే తలుపు తెర వెనక నుంచి "తౌబా" అని, దేవుడు క్షమించుగాక అన్నట్టు, ఒక్క మాట వినపడేది. చిన్న అబద్ధానికి పొట్టి తౌబా, పెద్ద అబద్ధానికి పొడుగు తౌబా. మంచం కథకు వచ్చిన తౌబా ఆమెకు ఊపిరాడుతుందో లేదోనని మేం భయపడేంత పొడుగుంది.

ఇక మా అమ్మ నాగమణమ్మ. కంటితో చూడనిదేదీ నమ్మదు. ఆ రోజుల్లో పాలవాడు బర్రెను ఇంటి ముందుకు తోలుకొచ్చి పిండిపోయేవాడు. మా అమ్మ చెంబు తనే కడిగి, బోర్లించి చూపించి, వాడి చొక్కా చేతులు పైకి మడిపించి, నీళ్ళ తిత్తి ఏదీ దాచలేదని తేల్చుకున్నాక గానీ పిండనిచ్చేది కాదు. "కండ్ల ముంగట పిండనియి పాలు గావు" అనేది. వీళ్ళిద్దరూ ఎదురెదురు ఇళ్ళలో ఇన్నేళ్ళు ఎలా బతికారో నాకిప్పటికీ తెలియదు.

మా విమల ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు ఈ ఇద్దరికీ ముడిపడింది. నా భార్య సుగుణకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గానీ, చంటిదానికి పాలు లేకుండా పోయాయి. ఆవుపాలు పట్టాం. గంటలో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాచి వాంతులు. బర్రెపాలు పట్టినా అదే కథ. గంజి, బార్లీ నీళ్ళతో పిల్ల నానాటికీ చిక్కిపోయింది. ఉయ్యాలలో పడుకోబెడితే బట్ట మడతల్లో పిల్ల ఎక్కడుందో వెతకవలసి వచ్చేది. దవాఖాన డాక్టరమ్మ చూసి, "మేకపాలు పట్టి చూడండి. కొందరికి అవీ పడవు. పడితే మీ అదృష్టం" అంది.

పట్నం నిండా మేకలే. కానీ వాటిని పెంచేది కోతకు. రోజూ పాలిస్తామన్నవాడు ఒక్కడూ దొరకలేదు. ఉస్మాన్‌గంజ్‌లో నేను పనిచేసే బెల్లం దుకాణం నుంచి ఒక సాయంత్రం వట్టిచేతులతో వస్తుంటే బాబూమియా పిలిచాడు.

"ఊరంత మేకపాలు అడుగుతున్నవట. ఎదురింట్ల అడగనీకేమైంది? మా మేక పూటకు రెండు శేర్లిస్తది. తాగెటోళ్ళు లేక మీ చాచీ ఆ పాలతోనే వాకిలి కడుగుతున్నది."

తెర వెనక తౌబా చాలాసేపు సాగింది.

"మీ ఇంట్ల మేకున్నదా? నేనెన్నడు చూడలే."

"ఎట్ల చూస్తవ్? పర్దాల ఉంటది. నవాబుల దేవిడీల పుట్టిన మేక, పేరు షెహజాది, రాజకుమారి అన్నట్టు. పరాయి మొగోని కంట పడదు."

"అరుపన్న ఇనపడాలె గద చాచా."

"ఖాందాన్ మేకలు అరువయ్. దగ్గుతయ్."

నేను నవ్వి ఊరుకున్నాను. కానీ మర్నాడు పొద్దెక్కకముందే ఆయన మూతబెట్టిన ఇత్తడి చెంబుతో గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ వాసన చూసింది. మేకపాలే. కంటితో చూడని పాలని ఆమె చెయ్యి కాసేపు ఆగింది గానీ, లోపల పిల్ల ఏడుస్తోంది. కాచి, డాక్టరమ్మ చెప్పినట్టు నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టింది. సుగుణ పిల్ల చెంపల మీద నుంచి చూపు తిప్పలేదు. దద్దు లేదు, వాంతి లేదు. విమల కడుపునిండా తాగి సాయంత్రం దాకా నిద్రపోయింది. సుగుణ ఆ పూట సంతోషంతో ఏడ్చి, పొయ్యి మీది అన్నం మాడ్చింది. మేమంతా ఆ మాడు అన్నమే తిన్నాం.

అప్పటి నుంచి రోజూ పాలు వచ్చేవి, పాలతోపాటు షెహజాది క్షేమసమాచారాలూ వచ్చేవి. పాలు కాస్త తగ్గితే, "మనసు మంచిగలేదు అక్కా. గుడిమల్కాపూర్ మల్లెలు తెమ్మంటే నేను బంతిపూలు తెచ్చిన" అనేవాడు. డబ్బులిస్తామంటే, "అమ్మిన్నని తెలిస్తే అలిగి పాలు ఎగబెడ్తది" అనేవాడు. ఒకసారి ఆలస్యమైతే, "ఆమె దోస్తు పొద్దుగాల ఉరుకనీకె పోయింది. దోస్తు వచ్చేదాక పాలియ్యనని కూసున్నది" అన్నాడు.

"ఎవరా దోస్తు?"

"అరబ్బీ గుర్రం."

అన్నింటికంటే ఎక్కువ నవ్వింది దానికే. ఆ రోజు ఆయన భుజం మీద గడ్డిపోచలున్నాయి. మేం వాటిని చూసి కూడా పట్టించుకోలేదు.

విమలకు బుగ్గలొచ్చాయి. బుగ్గలు రాగానే మా అమ్మకు తన పాత బుద్ధీ వచ్చింది. ఒక రోజు అరుగు దగ్గరికి పోయి నిలబడింది.

"బాబూమియా, పర్దా మొగోళ్ళకు గదా?"

"అవునక్కా."

"నేను ఆడదాన్నే గదా. రేపు చెంబు తెస్త, నా ముంగట పిండు."

బాబూమియా సూది ఆగడం గల్లీ మొదటిసారి చూసింది. మేక పుట్టింటికి పోయిందన్నాడు. తర్వాత ఉపవాసమన్నాడు. చివరికి, "శుక్రవారం చూపిస్త" అని ఒప్పుకున్నాడు.

శుక్రవారం అమ్మ కడిగిన చెంబుతో వాళ్ళింట్లోకి వెళ్ళింది. నేను గడప బయటే నిలబడ్డాను. వాకిట్లో పాత శాలువా కప్పుకొని ఏదో ఉంది. తలా తోకా లేవు, నాలుగు కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"సిగ్గుపడుతున్నది అక్కా. శాలువ తియ్యకు."

అమ్మ గొంతుక్కూర్చొని శాలువా కింద చెయ్యి పెట్టింది. వెతికి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాబూమియా."

"జీ అక్కా."

"ఇది పోతు."

వంటింట్లోంచి పొట్టి తౌబా వచ్చింది. బాబూమియా దిక్కులు చూశాడు. "పొద్దటిదాక మేకనే అక్కా. నజర్ తగిలింది" అని దిష్టి మీదికి నెట్టాడు. అది వీధి చివర కసాయి దగ్గర కాసేపటికని అడిగి తెచ్చిన మేకపోతు. ఈలోగా అది శాలువా అంచు నమిలేసింది.

అమ్మకు నవ్వు రాలేదు. "నా మనుమరాలి కడుపుల ఇన్ని దినాలు ఏం పోసినవ్?"

"మేకపాలే అక్కా. ఖుదా కసమ్."

"ఏ మేకవి?"

 ఏనుగుకూ, మంచానికీ మాట దొరికిన మనిషి వంగి మేకపోతు నోట్లోంచి శాలువా లాగసాగాడు. అమ్మ ఇంటికొచ్చి ఆ పొద్దు పాలు మోరీలో పారబోసింది. ఇక ఆ ఇంటి చుక్క మన గడప దాటొద్దంది.

ఆ సాయంత్రం విమల బార్లీ నీళ్ళకు మొహం తిప్పుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు సన్నబడింది. "మల్ల ఎండిపోతది అత్తమ్మా" అంది సుగుణ. అమ్మ బార్లీ నీళ్ళు మళ్ళీ వెచ్చబెట్టింది. తప్పు పట్టడం సులభమే, కానీ తెల్లారితే పిల్లకేం పట్టాలో మాలో ఎవరికీ తెలియదు.

తెల్లవారగానే ఎదురింటి తలుపు తట్టాను. బాబూమియా లేడు. తెర వెనక నుంచి తౌబా కాక వేరే మాట వినడం నాకదే మొదలు.

"మలక్‌పేటకు పో బేటా. గుర్రాల పందేల మైదానం ఎనుక కొట్టాలున్నయ్. నేను చెప్తే ఏం లాభం, అబద్ధాలోని పెండ్లాన్నాయె. నీ కండ్లతోని చూసి రా."

వెళ్ళి చూశాను. ఒక కొట్టంలో ఎత్తైన ఎర్ర గుర్రం, దాని కాళ్ళకు ఆనుకొని తెల్లటి మేక. కొన్ని పందెపు గుర్రాలు ఒంటరిగా ఉంటే బెదురుతాయని, తోడుగా మేకను కడతారని నాకు అప్పుడే తెలిసింది. బాబూమియా ఆ మేక పక్కన గొంతుక్కూర్చొని, రోజూ మాకు తెచ్చే ఇత్తడి చెంబులోకి పాలు పిండుతున్నాడు. పక్కనే ఆయన కుట్టిపెట్టిన తోలుపట్టీల కుప్ప ఉంది. ఆ పాలకు బదులు పనన్నమాట. గుర్రాన్ని తోముతున్న రజాక్ అనే మనిషితో నోరు మాత్రం ఆగకుండా నడుస్తోంది.

"మా పిల్ల అంటే ఎవరనుకున్నవ్ రజాక్? షెహజాది. ఉస్మాన్‌గంజ్ సేటు బిడ్డ. బంగారి ఉయ్యాల, ఎండి ఉగ్గుగిన్నె. ఆవుపాలు చూస్తే మొఖం తిప్పుకుంటది. ఖాందాన్ గసోంటిది."

ఉస్మాన్‌గంజ్ సేటునైన నేను బెల్లం మరకలు పట్టిన చొక్కాతో అక్కడ నిలబడ్డాను. బంగారు ఉయ్యాల సుగుణ పాత చీర. నాకు నవ్వొచ్చింది, చొక్కా దులుపుకొని ముందుకు పోయాను.

"నిజం చెప్తే ఏమైతుండె చాచా?"

ఆయన ఉలిక్కిపడినా పిండడం ఆపలేదు. "గుర్రాల కొట్టం పాలంటే మీ అమ్మ ముట్టనిస్తుండెనా? రోజు గింత దూరం పోతున్ననంటే, తకలీఫ్ వద్దు బాబూమియా అంటరు. మంచోళ్ళు గద మీరు. పిల్ల ఉపాసముంటది. అబద్ధమైతే ఎవ్వలు వద్దనరు."

"నిన్న అమ్మ వద్దన్నది గద. మల్ల ఎందుకొచ్చినవ్?"

"అమ్మ వద్దన్నది. పిల్ల అనలే."

నేను ముందుగా ఇంటికి చేరి అమ్మకు అంతా చెప్పాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి బాబూమియా వచ్చి, గడప ఎక్కకుండా వీధిలోనే చెంబు పట్టుకొని నిలబడ్డాడు. అమ్మ బయటికొచ్చి చెంబు అందుకుంది, వాసన చూసింది, సుగుణకిచ్చింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"షెహజాదికి నజర్ పోయిందా?"

బాబూమియా ఒక్క క్షణం తడబడ్డాడు. "పోయిందక్కా. రాత్రికి రాత్రే."

"మల్ల మేక అయ్యిందా?"

"అయ్యింది."

"మంచిగైంది." అమ్మ ఒక మూట ఆయన చేతిలో పెట్టింది. "ఇగో ఉలువలు. నానబెట్టి పెట్టు, పాలు మంచిగ దిగుతయ్. ఆమె దోస్తు ఉన్నదంటివి గద, దానిక్కూడ ఇంత పెట్టు."

లోపల ఉగ్గుగిన్నె చప్పుడు వినపడి ఇద్దరూ అటు చూశారు. విమల తాగుతోంది.

ఆ సాయంత్రం పక్కింటావిడ మా గుమ్మం దగ్గర ఆగింది. శుక్రవారం ముచ్చట గల్లీ అంతా పాకింది మరి. "బాబూమియా మేక వట్టిదేనట గద నాగమణక్కా. చూసినవా నువ్వు?"

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు. "చూసిన. ఈ కండ్లతోనే చూసిన. తెల్లగ మల్లెపువ్వు తీరుగున్నది. కాళ్ళకు ఎండి గజ్జెలు. నన్ను చూసి కొంగు సర్దుకొని, గిట్ల మెల్లగ దగ్గింది."

ఎదురింటి తెర వెనక నుంచి, గల్లీలో ఎవరూ ఎన్నడూ విననంత పొడుగు తౌబా వచ్చింది.