స్టామెన్ భుజం మీద చెయ్యి

మా త్ర్యావ్నాలో మనిషి పోతే ఆ కబురు కాగితం మీద ముఖమై ఊరంతా నిలబడుతుంది. ఇంటి తలుపు మీద, బస్సు ఆగేచోట, రొట్టెల కొట్టు గోడ మీద ఫొటోతో సహా అంటిస్తారు. నలభయ్యోనాటికి ఒకటి, ఆర్నెల్లకు ఒకటి, ఏడాదికి మరొకటి. అంటించినదాన్ని చింపడం పాపం. ఎండా వానా కలిసి చెరిపేయాల్సిందే.

అందుకే స్టామెన్ నలభయ్యోనాటి కాగితంలో దొర్లిన తప్పు ఊరంతటా అలాగే ఉండిపోయింది.

స్టామెన్ మా పోస్ట్‌మ్యాన్. కెమెరా కనబడితే కరిచే కుక్కను చూసినట్టు పక్క సందులోకి తప్పుకునేవాడు. గుర్తింపు కార్డు మీద చూస్తే అప్పుడే దొంగతనంలో దొరికినవాడిలా ఉంటాడు. అతను నవ్విన ఫొటో ఒకే ఒక్కటి. మేనకోడలి పెళ్ళిలో పక్కనున్న స్నేహితుడు మింకో ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వాడు. అతని భార్య డోచ్కా దాన్నే ముద్రణ కొట్టుకు తీసుకెళ్ళింది. కొట్టువాడు మింకోను కత్తిరించాడు గానీ, అతని చేతిని వదిలించలేకపోయాడు. అది స్టామెన్ ఎడమ భుజం మీద, మెడకు ఆనుకుని ఉంది. కత్తిరిస్తే చెవి కూడా పోతుంది.

డోచ్కా కళ్ళు భర్త నవ్వును చూశాయి. ఊరు చేతిని చూసింది. చూపుడువేలి కొస లేని చెయ్యి త్ర్యావ్నాలో ఒక్కటే. వడ్రంగి మింకోది, కొసను రంపం తినేసింది.

బతికున్న మనిషి చెయ్యి చావు కాగితం మీదకెక్కితే ఇంకేమైనా ఉందా? ఆ సాయంత్రమే మింకో వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు.

"స్టామెన్‌తో పాటు నన్ను కూడా పాతేశావు కదా వదినా!"

"నేను చూసుకోలేదు మింకో, నా కళ్ళు పోనూ."

"ఊరు చూసిందిలే! కాఫీ కొట్టు దగ్గర ఆ ముసలి పెట్కో ఏమన్నాడో తెలుసా? 'చెయ్యి ముందెళ్ళింది, మిగతా సరుకెప్పుడు పంపుతావు' అన్నాడు."

డోచ్కాకు నవ్వొచ్చింది. అంత ఏడుపులోనూ తన్నుకొచ్చింది. అదే కొంప ముంచింది. మింకో దిష్టి పోవడానికి మూడుసార్లు ఉమ్మి, "ఆర్నెల్లకి కూడా ఈ ఫొటోయే పెడితే నేను సమాధి దగ్గరికి రాను. నా చావు నేను చస్తా" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మింకో రాక ఆదివారాలు ఖాళీ అయిపోయాయి. పిల్లలు లేని ఇల్లు. స్టామెన్ ఎలా నవ్వేవాడో, ఏ ఇంట్లో ఏ కుక్క అతని ప్యాంటు చింపిందో మాట్లాడుకోవడానికి ఆమెకు మిగిలినవాడు మింకో ఒక్కడే. ఆ నవ్వుముఖం కావాలి, మింకో కూడా కావాలి.

ముద్రణ కొట్టువాణ్ణి అడిగితే చెయ్యి తీసేశాడు. పనిలో పనిగా ముడతలు కూడా తీసేశాడు. స్టామెన్ ఎన్నికల్లో నిలబడ్డవాడిలా మెరిసిపోయాడు. డోచ్కా దాన్ని వెనక్కి తోసేసి, ఊరి గ్రంథాలయంలో పెన్షన్‌వాళ్ళకు డిజిటల్ ఫొటోల పని నేర్పే ఇస్క్రా దగ్గర చేరింది.

మొదటిరోజు పూలకుండీని ఫొటో తీయమన్నారు. తెరమీద వేసి చూస్తే మూలగా తన బొటనవేలే ఇంత లావున పడి ఉంది.

"డోచ్కాకి చేతులంటే మోజు పోలేదర్రా" అంది వెనక బల్ల మీది గినా. గదంతా నవ్వింది. డోచ్కా చెవులు ఎర్రబడ్డాయి గానీ మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

వెలుతురు వీపు వెనక ఉంటే ముఖం మసకబారుతుందని తెలిసింది. అసలు ఫొటోను ముట్టుకోకుండా నకలు మీదే పని చేయాలని తెలిసింది. ఫొటోలో కోటు గుడ్డ బాగున్నచోట ఒకసారి నొక్కి, ఆ గుడ్డను తెచ్చి వేలిమీద పూయడమూ వచ్చింది. చలికాలమంతా ఒక్కో వేలూ చెరిపింది. తప్పొచ్చినప్పుడల్లా వెనక్కి తీసుకెళ్ళే మీట నొక్కేది. ఒకరోజు కంగారులో నొక్కుకుంటూ పోతే మింకో చెయ్యి మొత్తం తిరిగొచ్చి దర్జాగా కూచుంది.

చెయ్యి పోయాక కింద భుజం లేదు. ఇస్క్రా కుడి భుజాన్ని తిరగేసి ఎడమవైపు అతికించింది.

"చూడు పిన్నీ, ఎంత చక్కగా నిటారుగా ఉన్నాడో!"

"నిటారుగా ఉన్నవాడు నా మొగుడు కాదమ్మా. వీడెవడో బ్యాంకు కాపలావాడు."

జీవితమంతా ఉత్తరాల సంచీ మోసిన ఎడమ భుజం స్టామెన్‌కు దిగిపోయి ఉండేది. పడుకున్నా అలాగే ఉండేది. అది ఏ మీట నొక్కినా వచ్చేది కాదు.

మర్నాడు డోచ్కా ఒక మూట తెచ్చింది. మేనకోడలి పెళ్ళిలో స్టామెన్ తొడుక్కున్న గోధుమరంగు కోటు అందులో ఉంది. అతన్ని నల్లకోటుతో సాగనంపారు కాబట్టి ఇది మిగిలింది. దాన్ని తొడుక్కుని, పాత సంచీలో పుస్తకాలు కుక్కి ఎడమ భుజానికి తగిలించుకుంది.

"ముక్కు నీడ కుడివైపు పడింది కదా, అంటే వెలుతురు ఎడమనుంచి. నన్ను ఆ కిటికీ దగ్గర నిలబెట్టు."

ఇస్క్రా కెమెరా ఎత్తి ఆగిపోయింది. "పిన్నీ... బతికున్నవాళ్ళది ఉండకూడదనే కదా ఇదంతా?"

"వేళ్ళు లేకపోతే భుజం ఎవరిదో ఎవడికి తెలుస్తుంది? సంచీ పట్టీ పడకుండా తియ్యి. ఎక్కువసేపు మొయ్యలేను."

సంచీ బరువుకు భుజం జారింది. ఆ బరువును ఆమె అంతకుముందు ఎప్పుడూ మోయలేదు. ఇస్క్రా ఇంకోటి, ఇంకోటి అంటూ తీస్తుంటే ఆమె కదలకుండా నిలబడింది.

ఆర్నెల్ల కాగితం తలుపు మీద అంటిన పొద్దున కొండమీది సమాధి దగ్గర పంచడానికి డోచ్కా ఉడికించిన గోధుమల మీద చక్కెర చల్లుతోంది. బయట దగ్గు వినిపించింది. మింకో టోపీ చేత్తో పట్టుకుని కాగితం ముందు నిలబడి ఉన్నాడు.

"పోయింది" అన్నాడు, తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. కాగితం మీదికి వంగి చూశాడు. తర్వాత, "భుజం వాడిదే. అచ్చంగా. ఆ పెళ్ళి ఫొటోలో నేను మీద పడి మూసేశాను కదా, ఎక్కణ్ణించి తెచ్చావు వదినా?"

"అల్మారాలోంచి."

మింకో తలూపాడు. గాలికి కాగితం అంచు లేచింది. అతను అనాలోచితంగా, కొస లేని వేలున్న ఆ చేతినే స్టామెన్ భుజం మీద ఆనించి, జిగురు పట్టేదాకా అదిమి ఉంచాడు.

గోధుమల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ డోచ్కా, అతను చెయ్యి తీసేదాకా కదల్లేదు.

"రా, మోయి" అంది చివరికి గిన్నె అందిస్తూ. "కొండెక్కాలి."