ఎల్లాజీకి చెప్పని మాట

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మాట మోస్తున్నాను. ఆ మాట నాది కాదు. ఒక అమ్మాయి నన్ను నమ్మి, ఫలానా మనిషికి చెప్పమని అప్పగించింది. చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఆ మనిషి దొరకకా కాదు. చెప్పకూడదనుకునే చెప్పలేదు. ఈ చివరి వాక్యం రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే ఇది రాయగలను.

మేం కూర్మన్నపాలెంలో ఉంటాం. మా ఆయన స్టీలు ప్లాంటులో పని చేస్తారు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నేను సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. అపార్టుమెంటులో నన్ను అందరూ నెమ్మదస్తురాలంటారు. నెమ్మది కాదు. భయం. ఎక్కువ మాట్లాడితే ఎక్కడ ఏం జారుతుందోనని.

పందొమ్మిదేళ్ళ వయసులో నేను పిచ్చాసుపత్రిలో ఉన్నాను. ఈ సంగతి మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. డిగ్రీ చదువుతుండగా నాకు ఏదో అయింది. ఏమైందంటే ఈనాటికీ సరిగ్గా చెప్పలేను. ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి, ఆ తర్వాత మాట. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అమ్మ తాయెత్తు కట్టించింది, మొక్కులు మొక్కింది. చివరికి నాన్న ఆసుపత్రిలో చేర్పించాడు. ఊళ్ళో బంధువులందరికీ, నేను తగరపువలసలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటున్నానని చెప్పారు.

ఆ ఆసుపత్రి పేరు రాయను. అక్కడ నాకు చెడు జరగలేదు. చెడు చేసింది నేను.

ఆడవాళ్ళ వార్డులో నా పక్క మంచం నూకరత్నానిది. నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దది. ఫిషింగ్ హార్బర్ దగ్గర సముద్రం మీద బతికే ఇంటి పిల్ల. వేటకు వెళ్ళిన తండ్రి తిరిగి రాకపోతే, ఆమె నిద్ర మానేసి ఒడ్డునే తిరిగిందట. తనలో తనే మాట్లాడుకుందట. ఒకరోజు చీరతోనే నీళ్ళలోకి నడిచిపోయిందట. అన్న ఎల్లాజీ జుట్టు పట్టి బయటికి లాగి, చేతులు కట్టి, ఆటోలో వేసుకొచ్చి ఇక్కడ చేర్పించాడు. నేను వెళ్ళేసరికి ఆమె చాలావరకు కోలుకుంది. పొద్దున్నే లేచి వార్డంతా తిరిగేది. ఎవరి జడ విడిపోతే వాళ్ళకు జడ వేసేది. నాకు అన్నం తినిపించింది ఆమే. తినిపించడమంటే బతిమాలడం కాదు. "తినకపోతే నీ గుడ్డు నాను తినేత్తాను" అనేది. రెండు రోజులు నిజంగానే తినేసింది. మూడో రోజు నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె ఎంత నవ్విందో! చాలా వారాల తర్వాత నేను నాకోసం చేసిన మొదటి పని అదే.

మధ్యాహ్నాలు పాత తువ్వాలు అంచు దారాలు లాగి, వలకు ముడి ఎలా వేస్తారో నేర్పేది. నా ముళ్ళు ఊడిపోయేవి. "నీ వల్లో సేప పడితే సేపకే సిగ్గు" అనేది. నాకు మాట తిరిగి వచ్చింది ఆమెతో వాదిస్తూనే.

డాక్టరమ్మ ఆమెను ఇంటికి వెళ్ళొచ్చని చెప్పేసింది. ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి. ఆసుపత్రి నుంచి కార్డులు వేశారు. ఎవరూ రాలేదు. ఇంతలో నాకు నయమైందని నాన్న వచ్చాడు. నేను బట్టలు సర్దుకుంటుంటే నూకరత్నం నా మంచం మీద కూర్చుంది.

"హార్బర్‌లో ఐసు ప్లాంటు కాడ వలలు కుడతారు. ఎల్లాజీ అంటే ఎవులైనా సూపిత్తారు. నాను బాగైపోనానని సెప్పు. వొచ్చి తీసుకెళ్ళమను."

"చెప్తాను."

"అదొక్కటే కాదు. ఇక్కడికి తెచ్చిన రోజు ఆడి సెయ్యి కొరికేసినాను. అన్న కాదు, యముడివి అన్నాను. ఆడు ఏడిసినాడు. నాకు ఆడి మీద కోపం నేదని సెప్పు. ముందు అది సెప్పు. అది సెప్పకపోతే రాడు."

"చెప్తాను."

"ఒట్టెయ్యి."

ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. అబద్ధపు ఒట్టు కాదది. ఆ నిమిషంలో నేను నిజంగానే చెబుదామనుకున్నాను. నన్ను నేను సమర్థించుకోవడానికి రాయడం లేదు ఇది. ఉన్నదున్నట్టు చెప్పాలి కనుక రాస్తున్నాను.

ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే సంబంధం వచ్చింది. అబ్బాయికి ప్లాంటులో ఉద్యోగం, కుటుంబం మంచిది, పిల్ల నచ్చితే చాలన్నారు. అమ్మ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. పెళ్ళిచూపులకు రెండు రోజుల ముందు, వచ్చేవాళ్ళకు వంజరం చేప వండాలని, తెల్లవారకుండానే నన్ను వెంటబెట్టుకుని హార్బర్‌కు వెళ్ళింది. వెళ్దామంటే ఎందుకు సరేనన్నాను? చెబుదామనే. దారంతా బస్సులో ఆ మాటలే కూడబలుక్కున్నాను.

చేపల వేలంపాటల దగ్గర జనం. తడి, ఐసు, కేకలు. అమ్మ బేరంలో పడింది. నేను జనంలోంచి తప్పుకుని ఐసు ప్లాంటు వైపు నడిచాను. ఎవరినీ అడగనక్కరలేకపోయింది. ఎవరో "ఒరే ఎల్లాజీ" అని కేకేశారు. ఒకతను తలెత్తాడు. కాళ్ళ మీద వల పరుచుకుని కూర్చున్నాడు. అదే ముక్కు, అవే కళ్ళు. కుడిచేతి మీద, బొటనవేలి కింద, పళ్ళ గుర్తులు నల్లగా మచ్చకట్టి ఉన్నాయి.

నేను అలా నిలబడిపోవడం చూసి అతనే అడిగాడు.

"ఏటమ్మా? ఎవులి కోసం?"

నూకరత్నం అన్నానంటే, నీకెలా తెలుసు అంటాడు. ఆసుపత్రిలో అనాలి. నువ్వక్కడ ఎందుకున్నావంటాడు. చుట్టూ పదిమంది. మా కాలనీ నుంచి చేపలకు వచ్చినవాళ్ళు ఆ జనంలో ఎందరో. ఎల్లుండి పెళ్ళిచూపులు. ఇవన్నీ ఒక్క క్షణంలో అనుకున్నానా, తర్వాత తీరిగ్గా అల్లుకున్నానా? ఏమో. అప్పుడు నా నోట వచ్చింది మాత్రం ఇది.

"ఎవరి కోసమూ కాదు. దారి తప్పాను."

"ఇటు ఐసు బళ్ళు తిరుగుతాయి, జాగర్త" అని అతను మళ్ళీ వల మీదికి వంగాడు. నేను వెనక్కి వచ్చేశాను. అమ్మ చేప కొనేసింది. ఎక్కడికెళ్ళావనైనా అడగలేదు. నా చేతిని ఎవరూ పట్టి ఆపలేదు. నా నోరు ఎవరూ మూయలేదు. తప్పు అమ్మ మీదికి నెట్టడానికి ఎన్నో ఏళ్ళు ప్రయత్నించాను గానీ, ఆమె ఆ దరిదాపుల్లోనే లేదు.

పెళ్ళయింది. పిల్ల పుట్టింది. ఆసుపత్రివాళ్ళే ఎలాగో కబురు చేసి ఉంటారనుకున్నాను. ఇంకెవరో చెప్పి ఉంటారనుకున్నాను. ఈపాటికి ఆమెకూ పెళ్ళయి, పిల్లలుండి, నన్ను మరిచిపోయి ఉంటుందనుకున్నాను. అలా అనుకుని, అనుకుని, నిజమేనేమోనని నమ్మే దాకా వచ్చాను. హార్బర్ వైపు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. మా ఇంట్లో చేపలు మా ఆయనే తెస్తారు.

ఈ మధ్య ఫోన్లలో ఒక సిరీస్ వచ్చింది. పిచ్చాసుపత్రిలో ఉన్న నలుగురు అమ్మాయిల కథ. మా అపార్టుమెంటు ఆడవాళ్ళంతా చూశారు. మా వాట్సాప్ గ్రూపులో వారం రోజులు అదే మాట. ఏడిపించేశాడండీ అని ఒకరు. నడుమ సాగదీశాడని ఇంకొకరు. పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇళ్ళలో ఇలాంటివి పెట్టుకోకూడదని ఒక పెద్దావిడ. "అన్ని మాత్రలు మింగే పిల్లకి ఆ ముఖంలో కళ ఎక్కడిది, మేకప్పు కాకపోతే" అని ఎవరో రాస్తే అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ సిరీస్‌లో వార్డు ఎప్పుడూ నిశ్శబ్దంగా, తెల్లగా ఉంటుంది. మా వార్డులో అంత సందడి ఉండేదని, పేలు చూసుకుంటూ పాటలు పాడుకునేవాళ్ళమని, అక్కడ నవ్వినంతగా నేను మళ్ళీ ఎక్కడా నవ్వలేదని చెప్పాలనిపించింది. ఎలా చెప్పను?

చివరి భాగంలో, నయమై ఇంటికెళ్ళిన అమ్మాయి తిరిగి వస్తుంది. లోపల మిగిలిపోయిన స్నేహితురాలి తండ్రిని వెతికి, చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకొస్తుంది. అక్కడితో అయిపోతుంది. దాని మీదే పెద్ద వాదన నడిచింది. పక్క ఫ్లాటు విజయ గారు రాశారు: "అంతా బాగుంది గానీ ఇది మాత్రం నమ్మబుద్ధి కాలేదు. బయటపడ్డ పిల్ల మళ్ళీ ఆ గేటు తొక్కుతుందేటి? దానికి పెళ్ళి అవ్వక్కర్లేదా?"

నా గురించి ఎవరైనా నిజం చెప్పారంటే ఆవిడే. తెలియక చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు? ఊరుకోవచ్చు కదా. ఎప్పుడూ ఊరుకునేదాన్నే కదా. ఊరుకోలేదు. ఇలా రాశాను: "మనిషి జన్మ ఎత్తాక ఆ మాత్రం చెయ్యదా అండీ? ఇందులో గొప్పేముంది? ఎవరైనా చేసేదే చేసింది."

దండాలు, చప్పట్లు, ఎర్ర గుండెలు. మీ మనసు మంచిదండీ అన్నారు. విజయ గారు కూడా ఒప్పుకున్నారు. మా అమ్మాయి నా ఫోన్ తీసుకుని చదివి, మెడ చుట్టూ చేతులు వేసింది. "నువ్వైతే పరిగెత్తుకుని వెళ్తావమ్మా" అంది.

ఆ మాటతో నాలో ఏదో విరిగింది. బాత్రూంలోకి పోయి, కుళాయి తిప్పి, చాలాసేపు కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత రొయ్యలు తెస్తానని ఇంట్లో చెప్పి, పొద్దున్నే హార్బర్‌కు వెళ్ళాను. ఐసు ప్లాంటు దగ్గర అడిగితే ఒకామె చూపించింది. ఎల్లాజీ జుట్టంతా నెరిసిపోయింది. ఒక కన్ను మసకబారినట్టుంది. కాలి బొటనవేలికి వల తగిలించి కుడుతున్నాడు. పక్కన ఎవరూ లేరు. ఎదురుగా చతికిలబడ్డాను.

"నూకరత్నం గురించి వచ్చాను" అన్నాను.

సూది ఆగిపోయింది. తలెత్తి చూశాడు.

"నువ్వెవులమ్మా?"

ఇక్కడ, ఇంత దూరం వచ్చాక, ఇన్నేళ్ళు గడిచాక, ఇంక పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేని ఈ వయసులో, నేనన్నది వినండి.

"అప్పట్లో ఆ ఆసుపత్రిలో పని చేసేదాన్ని. మీ చెల్లి మీకొక మాట చెప్పమంది. మీ మీద కోపం లేదంది. తీసుకెళ్ళమంది."

అతను వల పక్కన పెట్టాడు.

"సచ్చిపోనాది తల్లీ. ఆ మరుసటేడు వానల్లో జొరమొచ్చి. పోలీసాయన వొచ్చి సెప్పినాడు. అంతకుముందు కార్డులొచ్చినాయి. నాకు సదువు రాదు. సదివించుకోడానికి బయమేసీది. ఏం రాసుంటాదోనని. గేటు కాడికి ఎన్నిసార్లు ఎల్లినానో. నన్ను సూత్తే మళ్ళీ రెచ్చిపోద్దేమో, ఈ అన్న మొకం సూడనంటాదేమో అని తిరిగొచ్చీవోడిని. కోపం నేదని ఒక్కమాట తెలిత్తే, బుజానేసుకుని తెచ్చుకుందును."

అతను కళ్ళు తుడుచుకుని నాకు దండం పెట్టాడు. నాకు.

"ఇన్నాళ్ళైనా గుర్తెట్టుకుని వొచ్చినావు. ఎవులొత్తారు ఈ రోజుల్లో? నీ బిడ్డలు సల్లగుండాల."

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ దండం పెట్టిన చేతులు పట్టుకుని, నేనూ అక్కడ రోగినేనని, ఒకనాటి పొద్దున ఇక్కడే నీ ఎదుట నిలబడ్డానని, అప్పటికి నీ చెల్లి బతికే ఉందని చెప్పొచ్చు. ఆ దీవెన తీసుకుని లేచాను. రొయ్యలు కూడా కొన్నాను. ఇంట్లో అడుగుతారని.

అతనికి మేలు చేశానా, ఇంకో కీడు చేశానా? కోపం లేదన్న మాట ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఇన్నేళ్ళూ చెల్లెలు తనను అసహ్యించుకుంటూ పోయిందని బాధపడ్డాడు. ఇక నుంచి, తన కోసం ఎదురుచూస్తూ పోయిందని బాధపడతాడు. ఏది తేలిక? నా బరువు దించుకోవడానికి వెళ్ళి, సగం అతని మీద పెట్టి వచ్చానేమో. నా సగం మాత్రం తగ్గలేదు.

హార్బర్ ఇక్కడికి ఒక్క బస్సు దూరం. రేపే వెళ్ళి నిజం చెప్పొచ్చు. వెళ్ళను. నా గురించి నాకు ఆ మాత్రం తెలుసు.

అందుకే మీకు చెబుతున్నాను. నేను ఆ ఆసుపత్రిలో పని చేసినదాన్ని కాదు. నూకరత్నం నా పక్క మంచం మనిషి. నాకు అన్నం తినడం మళ్ళీ నేర్పిన మనిషి. బతికుండగా నన్ను నమ్మి అన్నకు ఒక మాట పంపింది. ఆ అన్నకు రెండడుగుల దూరంలో నిలబడి, నా పెళ్ళి కోసం నోరు మూసుకున్నాను. ఆమె ఇంకో ఏడాది ఎదురుచూసింది. ఆ ఏడాది నేను కొత్త కాపురంలో ఉన్నాను, సంతోషంగానే ఉన్నాను.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగవలసిన మనిషి లేదు. ఉన్న మనిషిని అడిగే దమ్ము నాకు లేదు. మీరు క్షమిస్తే దానికి విలువ లేదు. రాశానంతే. రాసేశాక ఊపిరి కాస్త తిరుగుతోంది. ఆ కాస్త కూడా నాకు దక్కకూడనిదే. అయినా తిరుగుతోంది.