హారన్ కొడితే వచ్చే చాయ్

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలుండేవి. లోకంలో జరిగే ప్రతి తప్పుకీ ఒక బాధ్యుడు ఉంటాడని ఒకటి, వాణ్ణి నడిరోడ్డు మీద పట్టుకుని నాలుగు దులిపితే లోకం బాగుపడుతుందని రెండోది. ఇలాంటి పిల్లకు పెళ్ళి చేసి ఖతర్ పంపించారు మావాళ్ళు. (మా అత్తగారికి అది ఇప్పటికీ దుబాయే. మ్యాపు ముందు పెట్టి మరీ వాదించి ఓడిపోయాను.) చమురు, గ్యాసు డబ్బుతో దోహా అంతా తవ్విపోసిన రోజులవి. నిన్న పోయిన దారి ఇవాళ ఉండేది కాదు. దిగిన జనానికి సరిపడా స్కూళ్ళు లేచేవి కావు. అందుకని ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లా లోపలి గోడలు కొట్టి తరగతులు చేసిన మన పిల్లల బడిలో నాకు టీచరుద్యోగం దొరికింది. దొరికిందనడం కూడా అతిశయమే, మూడు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు.

ప్రిన్సిపల్ మలయాళీ ఆవిడ. ఆవిడ గంజి చీరలు చూసి 'ఇస్త్రీ మేడం' అనుకునేవాళ్ళం. నా నోటి సంగతి ఇంటర్వ్యూలోనే పసిగట్టిందేమో, పాఠాలకంటే ముందు గేటు డ్యూటీ ఇచ్చింది. బడి ఉన్నది ఇరుకు సందులో. ఎదురు విల్లాలో ఒక ఖతరీ ముసలమ్మ ఉండేది. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రులు తన గేటుకు అడ్డంగా కార్లు పెడుతున్నారని ఆమె మునిసిపాలిటీకి ఫిర్యాదు చేసింది. ఇంకొకటి పడితే బడి ఖాళీ చెయ్యాల్సిందేనని అధికారులు చెప్పి వెళ్ళారు. "ఆ గేటు ముందు ఖాళీగా ఉంటే బడి ఉంటుంది, బడి ఉంటే నువ్వుంటావు" అని ఇస్త్రీ మేడం క్లుప్తంగా తేల్చేసింది.

ఆ తల్లిదండ్రుల గురించి ఏం చెప్పమంటారు? ఒకావిడ కూతురికి రెండు జడలూ కార్లోనే వేసేది, వెనక పది కార్లు నిలబడి ఉండగా. ఒక పెద్దమనిషికి నాలుగు లైట్లూ మిణుకుమనిపిస్తే తన కారు అక్కడ లేనట్టేనని గట్టి నమ్మకం. పిల్లలు దిగి లోపలికి పోయినా కార్లు కదిలేవి కావు, ఎందుకంటే సందు మొదట్లో చాయ్ కొట్టుంది. అక్కడ చాయ్ కోసం కారు దిగడమనే ఆచారమే లేదు. కూర్చున్నచోటే హారన్ కొడితే కొట్టు మనిషి పరుగున వచ్చి కరక్ చాయ్ చేతికిచ్చి పోతాడు. మొదటిరోజు ఆ హారన్లు నా మీదనుకుని రెచ్చిపోయి ఒక కారు దగ్గరికి వెళితే, నల్ల కళ్ళద్దాలాయన తలెత్తకుండానే "దో కరక్" అన్నాడు. (ఎం.ఏ., బి.ఎడ్. అండీ నేను.)

రోగానికి మూలం దొరికింది కదా, చాయ్ కొట్టుకే వెళ్ళాను. అదృష్టం కొద్దీ అతను జగిత్యాల మనిషి. గంట మోగేదాకా ఈ సందులో ఏ కారుకీ చాయ్ తేవద్దని హుకుం జారీ చేశాను. "నువ్వు చెప్పినంక కాదంటనా అక్కా, కానీ ఒక్క బండికి మాత్రం..." అని అతనేదో చెప్పబోతే, ఒక్క బండీ లేదు, అర బండీ లేదు పొమ్మన్నాను.

మర్నాటికల్లా సందు శుభ్రపడింది. చాయ్ లేని చోట మనవాళ్ళు క్షణం నిలబడరు. మిగిలింది ఒకే ఒక్క తెల్ల బండి. నల్ల అద్దాలు, సరిగ్గా ముసలమ్మ గేటుకు అడ్డంగా, హారన్ మీద హారన్. మూడు రోజులు ఓర్చుకున్నాను. "లోకల్ వాళ్ళ బండి జోలికి పోకు. వాళ్ళకు కోపమొస్తే వీసా మాఫీ, నౌకరీ మాఫీ" అని మా ఆయన ముందే హెచ్చరించాడు. (మాఫీ అంటే అక్కడి అరబీలో 'లేదు' అని.) నాలుగోనాడు వెళ్ళి అద్దం మీద దబదబా బాదాను. నీలాంటివాళ్ళ వల్లే ఆ ముసలమ్మ మా బడి మీద ఫిర్యాదు పెట్టింది, నా ఉద్యోగం ఊడితే నువ్విప్పిస్తావా అని, వచ్చిన ఉర్దూ అంతా ఖర్చుపెట్టాను.

డ్రైవరు హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఓపిగ్గా అంతా విని మెల్లగా తెలుగులో అన్నాడు: "మేడం, జర ధీరే. ఆ ముసలమ్మ ఎనక సీట్ల కూసున్నది."

వెనకద్దం దిగింది. పాతకాలపు ముసుగు, దాని వెనక రెండు చురుకైన కళ్ళు. ఆమె అరబీలో అందుకుంది, నేనే ముచ్చటపడేంత ధారాళంగా. నా వీసా, మా ఆయన వీసా వరసగా కళ్ళముందు రెక్కలు కట్టుకుని ఎగిరిపోయాయి. డ్రైవరు గొంతు తగ్గించి విప్పి చెప్పాడు.

"అమ్మకు షుగర్ ఉన్నది. కొడుకులు ఇంట్ల చక్కెర డబ్బాకు తాళమేసిన్రు. దూరం పోతే ఏడికి పోయినవని ఫోన్ చేస్తరు. గందుకే రోజు పొద్దుగాల గోడ చాటుకు, గీ గేటు కాడ్నే ఒక్క కప్పు. మీ పిల్లల బాపులొచ్చి గీ జాగ పట్టుకుంటున్రనే కంప్లైంట్ ఇచ్చింది. ఇప్పుడేమో చాయే బందయింది. దీనికి ఎవరి మీద కంప్లైంట్ ఇయ్యాలని అడుగుతున్నది."

సందు మొదటికి తిరిగి, మా జగిత్యాల తమ్ముడు అదిరిపడేలా ఒక కరక్ తెమ్మని కేకేశాను. చక్కెర ఎంతని అతను సైగ చేశాడు. ఆమె రెండు వేళ్ళు చూపించింది. టీచర్ని కదా, నేను ఒకటి చూపించాను. ఆమె మళ్ళీ రెండు. నేను మళ్ళీ ఒకటి. చివరికి ఒకటిన్నర దగ్గర రాజీకొచ్చాం.

ఆ రోజు నుంచి గేటు ముందు ఆ జాగాను నేనే కాపలా కాశాను, ఆ తెల్ల బండి కోసం. ఊరుకుంటారా మనవాళ్ళు? నాలుగు లైట్ల పెద్దమనిషి అందరి ముందూ నిలదీశాడు: "మేం నిమిషం ఆగితే మీద పడుతరు. అరబ్బుల బండి అనంగనే మీ రూలు ఏడవోయింది మేడం?" జవాబు నాలుక చివర ఉంది. అనేస్తే అతను చిత్తు. కానీ దోహాలో మన మధ్య పడ్డ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగొస్తుంది, ఆమె కొడుకుల చెవినీ పడుతుంది. పక్కనే నల్లద్దం సన్నగా తెరిచి ఉంది. "అది అంతే. మీ బండి తీయండి" అన్నాను. లోకల్ వాళ్ళకు సలాం కొట్టే టీచరని పేరొచ్చింది. రెండో ఫిర్యాదు మాత్రం రాలేదు. మూడు నెలలు నిండాక ఇస్త్రీ మేడం నన్ను పర్మనెంట్ చేస్తూ, నీ నోరే బడిని కాపాడిందంది.

నా నోరేం చేసిందో నాకే తెలుసు. ఇప్పటికీ రోజుకొక వాదన గెలుస్తాను, మర్నాటికి ఏ ఒక్కటీ గుర్తుండదు. గెలుపు నోట్లో పెట్టుకుని ఓడిపోయిన ఆ ఒక్కటే గుర్తుంది. అద్దాలు బాదే ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. అడ్డంగా పెట్టిన కారు కనిపిస్తే ఇప్పుడు మొదట వెనక సీట్లోకి తొంగిచూస్తున్నాను. ఎవరూ లేకపోతే ఇక ఆ డ్రైవరు ఖర్మ.