దేవుడి పటానికి లైటింగు

కెమెరాలు రీలు వదిలి డిజిటల్‌కు మారిన కొత్తలో, తమిళుల ఆవణి మాసంలో ఒక శుక్రవారం, కోడంబాక్కంలోని ఒక స్టూడియోలో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు లూసియెన్ దగ్గర అసోసియేట్‌గా చేరాను. ఆయన అడిగిన వెలుగును లైట్‌మెన్ చేత పెట్టించడం, ఆయన విసుగును తెలుగులోకి, నిర్మాత విసుగును ఇంగ్లీషులోకి మార్చడం నా పని. లూసియెన్ వాళ్ల దేశంలో బహుమతులందుకున్న మనిషే. కొత్తవాళ్లు వచ్చాక పిలుపులు తగ్గాయి. ఇది పోతే చేతిలో మరో సినిమా లేదని మొదటి పరిచయంలోనే నాతో అన్నాడు. నిర్మాత మాత్రం పోస్టరు మీద విదేశీ పేరు వేసుకోవడానికి ఆయనను పిలిపించాడు.

మన దగ్గర తొలి షాట్ దేవుడి పటం మీద తీస్తారు. రాహుకాలం రాకముందే కొబ్బరికాయ కొట్టి, కెమెరా ఒక క్షణం తిప్పితే చాలు. దాన్ని ఎవరూ షాట్‌గా లెక్కపెట్టరు. ఈ సంగతి లూసియెన్‌కు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆయన పటాన్ని శ్రద్ధగా చూశాడు. అద్దంలో లైట్లూ మనుషులూ కనిపిస్తున్నారన్నాడు. అద్దం తీయమంటే, ఆ పటం నిర్మాత తల్లిగారి పూజగదిలోది, ముట్టుకోకూడదన్నారు. అప్పుడు వృత్తి తెలిసినవాడు చేసే పనే చేశాడు. అద్దంలో ఏ నీడా పడకుండా పటానికి ఎదురుగా నల్లగుడ్డలు కట్టించి, లెన్సుకు మాత్రం సందు వదిలాడు.

పట్టుపంచెలో హారతి పళ్లెంతో వచ్చిన నిర్మాత కొయ్యబారిపోయాడు.

“శుభమా అని పూజ చేస్తా ఉంటే సామికి నల్లగుడ్డ కడతారా? ఈయన్ని ఈడికి ఎవురప్పా పిలిచింది?”

పిలిచింది తమరేనని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు. పనిలో అదే సరైన పద్ధతని మాత్రం నేను చెప్పాను.

“పద్ధతులు నాకు చెప్పొద్దు. గుడ్డ పీకేసి నువ్వే తియ్యి.”

ఒక్క షాటైనా తీయకుండానే లూసియెన్ ఉద్యోగం ముగిసింది. నేను తీశాను.

మర్నాడు తెర మీద వేసి చూశాం. లూసియెన్ కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. అద్దంలో దేవుడు సగం మరుగై, పళ్లెం పట్టుకున్న నిర్మాత నిండుగా వెలిగిపోతున్నాడు. ఇది తప్పు, మళ్లీ తీయాలన్నాను. నిర్మాత ఇంకోసారి వేయించుకుని చూశాడు.

“వద్దప్పా. సామితో పాటు నేనూ ఉండాను గదా, ఇదే పెట్టు.”

ఏమన్నాడని లూసియెన్ అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే విమానం ఎక్కాడు. నాకు బాధేసింది.

సినిమా ఆ షాట్‌తోనే మొదలైంది, ఛాయాగ్రహణం నా పేరుతో. వెలుతురు గురించి లూసియెన్‌కు తెలిసినదాంట్లో సగం కూడా నాకు తెలియదు. లైటు వేసేముందు ఎవరి ముఖం వెలగాలో కనుక్కోవాలని మాత్రం ఆ రోజు తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే కనుక్కున్నాను. నన్ను ఏ సినిమాలోంచీ మధ్యలో తీసెయ్యలేదు.