బానెట్ మీద దరువు

అబూధాబీ శివారు ముసఫ్ఫా గ్యారేజీలలో సొట్టలు తీసే డెంటర్ జోగయ్య చెవి గురించి తెలియనివాడు లేడు. గుద్దుకున్న కారు వస్తే మిగతావాళ్లు లైటు పెట్టి, వంగి, లేచి సొట్ట కోసం వెతుక్కుంటారు. జోగయ్య అంత తంటా పెట్టుకోడు. వేలి కణుపుతో రేకు మీద నాలుగు చోట్ల తట్టి, కళ్లు మూసుకుని, ‘ఇగో, ఈడ’ అంటాడు. అక్కడే ఉంటుంది. ఈ విద్య ఎక్కడ నేర్చావని గ్యారేజీ నడిపే ముదీర్ ఓసారి హిందీలో అడిగితే, నేర్చుకోలేదు సాబ్, దానంతటదే వచ్చిందని తప్పించుకున్నాడు. పచ్చి అబద్ధం. ఆ చెవి తండ్రి ఇచ్చింది. తండ్రి డప్పు కొట్టేవాడు.

జగిత్యాల దగ్గర ఊరు. పెళ్లయినా, జాతరైనా, చావైనా ముందు నడవాల్సింది డప్పే. నడిచినంతసేపూ అందరికీ కావాలి, నడక అయిపోయాక మాత్రం వాకిలి బయట నిలబడాలి. ఎండలో అలా నిలబడ్డ తండ్రిని చూసీ చూసీ జోగయ్యకు కడుపు మండిపోయింది. ఒకరి గడప ముందు డప్పు పట్టేది లేదని ఒట్టు పెట్టుకుని దుబాయ్ విమానం ఎక్కాడు. దిగింది అబూధాబీలో అనుకోండి, ఊళ్లోవాళ్లకు అదీ దుబాయే.

2004లో ఆ తండ్రి పోయాడు. వీసా పని మీద పాస్‌పోర్టు తన కఫీల్, ఆ అరబ్బు యజమాని దగ్గర ఉండిపోయింది, జోగయ్య వెళ్లలేకపోయాడు. అప్పటికి ఊళ్లో డప్పు తెలిసినవాళ్లంతా భివండి మగ్గాలకు వలసపోయారు. ఊరందరి చావులకూ కొట్టినవాడి పాడె ముందు కొట్టడానికి ఒక్క మనిషి లేకపోయాడు. ఎంత అన్యాయం! కొన్నాళ్లకు ఊరి మనిషొకడు వస్తూ వస్తూ ఆ డప్పును దుప్పట్లో చుట్టి తెచ్చాడు. తల్లి బాలవ్వ పంపిందట. జోగయ్య దాన్ని లేబర్ క్యాంపులో తన మంచం కిందికి తోసేశాడు. రెండేళ్లు మూట విప్పలేదు.

కానీ చేతులు ఊరుకోవు కదా. శుక్రవారం సెలవు. సాయంత్రమయితే అల్లాబకాష్ కెఫెటీరియా వెనక ఖాళీ జాగాలో పాటలు మొదలవుతాయి. అల్లాబకాష్ కడప మనిషి, చాయ్ ఎంత చిక్కగా కాస్తాడో మాట అంత పలచగా వదులుతాడు. టైర్ల షాపు మలబారీ డోలు తెస్తాడు. ఒక పఠాన్ డ్రైవరు ట్రక్కు సీటు వెనక నుంచి తంత్రుల రబాబ్ తీస్తాడు. సముద్రం మీది తేమగాలి, గాలిలో ఇసుక పొడి, దాని మీద పడే ఎర్రటి పొద్దు అన్నీ కలిసిపోయి, అప్పటిదాకా రేకుల షెడ్లుగా ఉన్న వీధి ఎవరో కంటున్న కలలా మెత్తబడిపోతుంది. జోగయ్య ఓ మూల పాత టైరు మీద కూర్చుని చాయ్ గ్లాసు మీద వేళ్లతో తాళం వేస్తుంటాడు. నీకూ ఏదో వచ్చినట్టుంది, వాయించరాదా అని అల్లాబకాష్ వారం వారం పోరుపెడతాడు. నాకేం రాదు భాయ్ అని జోగయ్య వారం వారం బొంకుతాడు.

ఆ బొంకు తెలిసినవాడు ముసఫ్ఫా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. గ్యారేజీ ఆఫీసులో గుమాస్తా నర్సింగరావు. జోగయ్యది ఏ ఊరో ఆయనదీ అదే ఊరు, అక్కడ శిస్తు వసూలు చేసే మాలీపటేల్ కొడుకు. జోగయ్య తండ్రి నిలబడ్డ వాకిళ్లలో ఆ ఇంటి వాకిలి అన్నిటికంటే పెద్దది. మూడేళ్లుగా ఒకే గ్యారేజీలో ఉన్నా ఇద్దరూ ఊరి ఊసు ఎత్తుకోలేదు.

2006 నవంబరులో ఆయన తండ్రి పెద్దపటేల్ పోయాడు. ఈసారి గ్యారేజీ తనిఖీల పేరుతో నర్సింగరావుకు సెలవు దొరకలేదు. పది రోజుల తర్వాత, ఒక గురువారం, ఆయన ఆఫీసు చల్లదనం వదిలి షెడ్డులోకి వచ్చాడు. జోగయ్య చేతిలో సుత్తి ఆగింది.

“జోగయ్యా, నాయిన ముందల డప్పు మోగలేదట. కొట్టెటోడు దొరకలేదట. నువ్వు ఒక్కసారి కొడితె ఇంట. నీకేం గావాల్నో అడుగు.”

జోగయ్య మళ్లీ సుత్తి ఎత్తాడు. చివరి మాట ఒళ్లు మండించింది. ఇక్కడ కూడా కూలీకేనా? అయితే ఆ రాత్రి నిద్రలో తండ్రి వచ్చి, డప్పు తడిసింది బిడ్డా, కాచుకో అన్నాడు. జోగయ్యకు తెల్లారేసరికి ఒకటే మాట మిగిలింది. కొట్టాలి. కానీ ఎవరికి?

శుక్రవారం మధ్యాహ్నం మూట విప్పాడు. రెండేళ్ల తేమకు తోలు వదులైపోయి తడితే మొద్దుగా పలికింది. డప్పును కాస్తేనే గొంతు లేస్తుంది. ఊళ్లో అయితే గడ్డి మంట. క్యాంపులో అగ్గిపుల్ల గీసినా ఫైన్. జోగయ్యకు గ్యారేజీ ఓవెన్ గుర్తొచ్చింది, రంగు వేసిన కార్లను ఆరబెట్టే గది. తాళం చెవి తన దగ్గరే ఉంది. డప్పును లోపల స్టూలు మీద నిలబెట్టి, మీట నొక్కి, అద్దం ఇవతల కూర్చున్నాడు. ఐదు నిమిషాలు చాలు.

లోపలి పచ్చని వెలుగులో డప్పు పున్నమి చంద్రుడిలా ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ అతను ముసఫ్ఫాలో లేకుండా పోయాడు. గడ్డి మంట, పొగ, మంట మీద డప్పును మెల్లగా తిప్పుతున్న తండ్రి. తండ్రి ప్రతి తిప్పుకూ ఒకసారి చెవి ఆన్చి వినేవాడు. మంటకు ఆ లెక్క ఉంది, ఓవెనుకు లేదు. ఫట్‌మని చప్పుడయ్యాక గాని జోగయ్య ఈ లోకంలోకి రాలేదు. తోలు అంచు నుంచి అంచుకు చీలిపోయింది. అతను మీట ఆపి, లోపలికి పోయి, స్టూలు ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తండ్రి పాడె ముందు ఇంకోసారి కొట్టేవాడు లేకుండా పోయినట్టే అనిపించింది.

ఎంతసేపు ఏడ్చాడో గాని, లేచేటప్పుడు చెయ్యి ఆనుకున్నది గోడకు నిలబెట్టిన పాత టాక్సీ బానెట్ మీద. అలవాటు కొద్దీ కణుపుతో తట్టాడు. మధ్యలో లోతుగా, అంచున కంగుమని పలికింది. మళ్లీ తట్టాడు. సుత్తి తెచ్చి, ఒకచోట లోపలికి, ఒకచోట పైకి, పొద్దు వాలేదాకా దాన్ని సరిచేశాడు. కార్లకు సొట్టలు తీసేవాడు మొదటిసారి కావాలని సొట్టలు పెట్టాడు.

సాయంత్రం బానెట్ నెత్తిన పెట్టుకుని కెఫెటీరియా వెనక్కి వచ్చాడు. అల్లాబకాష్ చాయ్ వంచడం ఆపేశాడు. నర్సింగరావు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. జోగయ్య బానెట్‌ను టైరుకు ఆనించి, డప్పు మూటలో వచ్చిన తండ్రి పుల్లలు, లావుపాటి చిర్ర కుడిచేత, సన్నపుల్ల ఎడమచేత పట్టుకుని ఆయన వైపు చూశాడు.

“మీ నాయినకు గాదు సారూ. మా నాయినకు కొడుతున్న. ఆయనకు గూడ కొట్టెటోడు లేకుండె. కూలి వద్దు. ఇనాల్నంటె ఇనుండ్రి.”

నర్సింగరావు కుర్చీలోంచి లేచాడు. వెళ్లిపోతాడనుకున్నారు అంతా. ఆయన వచ్చి జోగయ్య పక్కన ఇసుకలో కూర్చున్నాడు. నేల చూస్తూ అడిగాడు.

“మీ నాయిన పేరేంది, జోగన్నా?”

ముప్పై ఏళ్లు వాళ్ల వాకిట కొట్టిన మనిషి. ఆ ఇంట్లో ఒక్కరికీ పేరు తెలియదు. జోగయ్యకు కోపం రావలసింది, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“కొంరయ్య,” అన్నాడు.

“కొంరయ్యగారు,” అన్నాడు నర్సింగరావు.

జోగయ్య చిర్ర ఎత్తాడు. చావు దరువు మెల్లగా మొదలై, రేకుల షెడ్ల మీంచి, ఆగి ఉన్న ట్రక్కుల మీంచి మఫ్రఖ్ రోడ్డు వైపు నడిచింది. పఠాన్‌కు ఒక్క ముక్క చెప్పనవసరం లేకపోయింది, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దరువు అయిపోయింది. జోగయ్య చెమట తుడుచుకుని, ఎవరి పేరూ ఎత్తకుండా, పక్కనున్న ఆయన వైపు ఒకసారి చూసి, మళ్లీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. ఈసారి నర్సింగరావు తల వంచుకుని ఏడ్చాడు.