పదకొండు సిమ్ములు, ఒక్క బొటనవేలు

చోడవరం బస్సు కాంప్లెక్సు పక్కన ఆటోల వరసలో నూకరత్నం మొదటిసారి తన బండి పెట్టిన రోజున నేను ఆ బండిలోనే కూర్చుని ఉన్నాను. ఒళ్లో వంకాయల సంచి, పక్కన దేవరాపల్లి వెళ్లే ఇద్దరు ఆడవాళ్లు. స్టాండుకి పెద్దనని తనకు తానే చెప్పుకునే సత్తిబాబు వచ్చి ముందు చక్రం మీద కాలు పెట్టాడు.

"ఆడమనిషివి, బడిపిల్లల్ని దింపుకుని బతుకు. లైనులోకి రాకు. ఇక్కడ సీరియల్ ఉన్నాది."

"సీరియల్లో ఆకర్నే ఉంటాను బాబూ. కాలు తియ్యి," అంది నూకరత్నం.

"తియ్యను. ఏటి సేస్తావు?"

"ఏటీ సెయ్యను. ఒకటడుగుతాను, సెప్పు. మొన్న మీ యమ్మ నూతికాడ జారి పడిపోతే మీ ఆవిడ ఫోన్ ఎవరికి సేసినాది? నీకా, నాకా?"

సత్తిబాబు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"ముందు నీకే సేసినాదంట. పేకాటలో ఉన్నావంట, ఎత్తనేదంట. ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు నేను ఆడమనిషినని మీ యమ్మకి గుర్తు రానేదు మరి."

వరసలో ఉన్న డ్రైవర్లు ముఖాలు పక్కకి తిప్పుకుని నవ్వారు. సత్తిబాబు కాలు తీశాడు. నేనూ ఊరుకోలేదు. "కాలు తీసేవు గదా నాయనా, కాస్త పక్కకి కూడా జరుగు, గాలాడట్లేదు," అన్నాను. ఆ రోజు నుంచి ఆ వరసలో దాని బండికి చోటుంది.

ఆ ఆటో నిజానికి దాని మొగుడు దాసుది. షుగరు వచ్చి అతనికి చూపు మందగిస్తే బండి అమ్మేద్దామన్నారు అందరూ. ఇది అమ్మనివ్వలేదు. మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అతను నోటితో చెబుతుంటే చేత్తో నేర్చుకుంది. మొదటి నెలలో రెండు కంచెలు, ఒక కోళ్లగంప నలిగాయి. తర్వాత ఏమీ నలగలేదు.

పురిటి నొప్పులొచ్చిన ఆడపిల్లలకి నూకరత్నం ఎలా అలవాటైందో నాకు సరిగా తెలియదు. ఒకరిని తీసుకెళ్లింది, ఆ ఒకరు మరొకరికి చెప్పారు. అంబులెన్సు రోడ్డు దాకా వస్తుంది, నిజమే. ఇంటి నుంచి రోడ్డు దాకా గట్ల మీద తీసుకొచ్చేదెవరు? దాని నెంబరు చాలా ఇళ్లలో తలుపు చెక్కల మీద బొగ్గుతో రాసి ఉంటుంది. అంకెలు రానివాళ్లు పక్కింటి వాళ్లని పిలిచి చూపించి నొక్కించుకుంటారు.

ఇక సిమ్ముల సంగతి. ఆరేళ్ల కిందట సంతలో గొడుగు కింద కూర్చుని ఒకాయన సిమ్ములిచ్చేవాడు. ఆధార్ కార్డు చూపించి వేలు పెడితే చాలన్నాడు. మాకు వేళ్లెక్కడివి? నేను ముప్ఫై ఏళ్లు బెల్లం పొయ్యి దగ్గర పనిచేశాను. మిగతావాళ్లు చెరకు నరికేవాళ్లు, మోపులు కట్టేవాళ్లు. అందరి వేలి గీతలూ అరిగిపోయాయి. ఆ మిషను మీద నా వేలు అయిదుసార్లు పెట్టాను, తుడిచి పెట్టాను, తడిపి పెట్టాను. నా వేలు నాది కాదంది. సంతంతా చూస్తుండగా అంది. నేను చదివింది రెండో తరగతే అయినా నా సంతకం నేను పెడతాను. అలాంటిదాన్ని వేలు లేనిదాన్నై నిలబడ్డాను.

మమ్మల్ని సంతకి తెచ్చిన ఆటో నూకరత్నందే. దానికి తిరిగి వెళ్లే వేళ మించిపోతోంది.

"మామ్మలందరూ అరిగిపోనారు బాబూ, నా వేలు పెట్టీసుకో," అని బొటనవేలు చాపింది. ఆయన పెట్టేసుకున్నాడు. ఆ వారం నలుగురికి, పై వారం ముగ్గురికి, ఆ తర్వాత ఇంకో ముగ్గురికి. మేమెవరమూ అందులో తప్పుందనుకోలేదు. మా ఇళ్ల దగ్గర గిన్నె లేనివాళ్లు గిన్నె అడుగుతారు, వేలు లేనివాళ్లం వేలు అడిగాం.

మొన్న ఎండాకాలం మొదట్లో దాని ఫోన్‌కి మెసేజీలు వచ్చాయట. ఇంగ్లీషులో వచ్చాయి. పాటలు పెట్టుకోమని వచ్చే మెసేజీలనుకుని చెరిపేసింది. నెల తిరిగేసరికి దాని ఫోన్ నుంచి బయటికి వెళ్లే ఫోన్లు ఆగిపోయాయి. "నేనెవరికి సేస్తాను పిన్నీ, అందరూ నాకే సేస్తారు గదా," అని అదీ పట్టించుకోలేదు. నా ఫోనూ అలాగే అయింది. నేనూ పట్టించుకోలేదు. అవసరమున్నవాళ్లే నాకు ఫోన్ చేస్తారు, నేను ఎవరినీ పిలవను.

మరో రెండు వారాలకి వచ్చే ఫోన్లు కూడా ఆగిపోయాయి.

నూకరత్నం ముందు సిమ్ము తీసి చీరకొంగుతో తుడిచి పెట్టింది. తర్వాత రీఛార్జి చేయించింది. తర్వాత దాసు మాట విని ఫోనే మార్చింది. మూడో రోజు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నీ, నీ ఫోన్ పలుకుతన్నాదా?"

"లేదే. టవరు పోయిందనుకున్నాను."

"మనతో సంతకి వచ్చిన అచ్చియ్యమ్మదీ పలకట్లేదు. నేను వేలు పెట్టిన వాటిల్లో ఒక్కటీ పలకట్లేదు. ఝాన్సీకి రోజులు నిండిపోనాయి పిన్నీ. ఇయ్యాలో రేపో."

ఝాన్సీ రైవాడ రిజర్వాయరు వైపు ఊళ్లో కోడలు. మొగుడు పనికి వేరే ఊరెళ్లాడు. ఇంట్లో కడుపుతో ఉన్న ఆ గుంట, అత్త. వాళ్లకున్న ధైర్యం తలుపు చెక్క మీద రాసుకున్న ఆ ఒక్క నెంబరే. ఫోన్ పోయిన రోజు నుంచి నూకరత్నం ఉదయం ఒకసారి, పొద్దు వాలకముందు ఒకసారి అంతదూరం వెళ్లి చూసి వస్తోంది. మధ్యలో నొప్పులొస్తే? అదే దాని దిగులు. సత్తిబాబుతో తగువాడినప్పుడు చెమట పట్టని మనిషికి ఆ పొద్దున నుదుటి మీద చెమట చూశాను.

నేను చెప్పులేసుకుని, కార్డులుండే సంచి పట్టుకుని దాంతో బయల్దేరాను. సిమ్ము కంపెనీ షాపులో హరిబాబు అనే అతను కూర్చుని ఉన్నాడు. నెమ్మదైన మనిషి. నూకరత్నం నెంబరు కొట్టి చూసి తలెత్తాడు. మా వైపు అక్కని అప్పా అంటారు.

"అప్పా, నీ పేరు మీద పదకొండు సిమ్ములున్నాయి."

"ఉంటాయి. నేనే వేలు పెట్టేను."

"ఒకరి పేరు మీద తొమ్మిదికి మించకూడదు. దొంగలు పరాయి పేర్లతో సిమ్ములు తీసి జనాన్ని మోసం చేస్తన్నారు, అందుకు ఆ రూలు. ఏవి ఉంచుకుంటావో సెప్పమని మెసేజీలు పంపేరు. నువ్వు పలకనేదు. ముందు అవుట్‌గోయింగ్ ఆపేరు, తరవాత ఇన్‌కమింగ్. ఇంకో పది పన్నెండు రోజులు ఇలాగే ఊరుకుంటే నెంబరే పోద్ది. తరవాత ఇంకెవరికో ఇచ్చీస్తారు."

నూకరత్నం కౌంటరు పట్టుకుంది. "అంటే ఝాన్సీ ఫోన్ సేస్తే ఏ ఊరోడో ఎత్తి రాంగ్ నెంబరంటాడా?"

"బేగి తెప్పించీడానికి ఒక దారుంది," అన్నాడు హరిబాబు. "ఈ ఒక్కటే నాది, మిగతా పదీ నావి కావని రాసి ఇచ్చీ. నీది వచ్చీస్తాది. అవి కట్టయిపోతాయి."

ఆ పదిలో నాది ఒకటి. నూకరత్నం నా వైపు చూడలేదు. నేనూ దాని వైపు చూడలేదు. గోడ మీద ఫోన్ బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

"అది అబద్ధం గదా బాబూ," అంది చివరికి. "వేలు పెట్టింది నేను. ఇప్పుడు ఆ మామ్మలు ఎవరో నాకు తెలీదని ఎలా సెప్తాను? వాళ్లకి పనికి రమ్మని వచ్చే ఫోన్లూ అందులోకే వస్తాయి. ఇంకో దారి సెప్పు."

"అయితే రెండు నెంబర్లు వాడుకునేవాళ్ల పేరుకి మార్పించీ. తొమ్మిది మిగుల్తాయి. ఆ తొమ్మిదీ నావేనని నువ్వు మళ్లీ వేలు పెడితే అన్నీ తెరుచుకుంటాయి. మిగతావాళ్లు కూడా వీలు సూసుకుని ఎవరి పేరుకి వాళ్లు మార్పించుకోవాల. ఊరికే ఒకరి పేరున ఉంచకూడదు."

అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు. నాకు సంత గుర్తొచ్చింది. షాపులో ఏడెనిమిది మంది ఉన్నారు.

"నాకు వేలు పడదు," అన్నాను, గట్టిగానే. "మళ్లీ నలుగురిలో ఆ మిషను చేత మాటలు పడను."

"వేలక్కర్లేదు మామ్మా. అసలు ఆధార్ కార్డుకి ఒక ఫొటో, నీకొక ఫొటో. అలాగా సేస్తన్నాం ఇప్పుడు."

"ఆ మాట ఆరేళ్ల కిందట ఎవడైనా చెప్పి ఉంటే ఈ గొడవంతా ఎందుకు?"

"నన్నడిగితే సెప్పీవోడ్ని," అన్నాడు. నవ్వకుండా అన్నాడు, అందుకని వదిలేశాను.

ఫోన్ నా ముఖానికి ఎదురుగా పెట్టి, "మామ్మా, ఒకసారి కన్ను ఆర్పు," అన్నాడు.

"ఏటీ? ఈ వయసులో పరాయి మగాడి ముందు కన్ను కొట్టమంటావేటి?"

షాపంతా గొల్లుమంది. నూకరత్నం కూడా నవ్వింది, మూడు రోజుల్లో మొదటిసారి. నేను రెండు కళ్లూ ఆర్పాను. మిషను నన్ను ఒప్పుకుంది. మొదటిసారే ఒప్పుకుంది. అక్కడున్నవాళ్లందరికీ వినిపించేలా, "అయిపోయిందా?" అని అడిగాను.

నూకరత్నం వెళ్లి అచ్చియ్యమ్మని చేలోంచి మట్టికాళ్లతోనే తెచ్చి కూర్చోబెట్టింది. ఆవిడకీ అయింది. తర్వాత నూకరత్నం వేలు పెట్టింది. రేపటికి వస్తుందన్నాడు హరిబాబు. పొద్దు వాలకముందు అది మళ్లీ ఝాన్సీ ఊరికి వెళ్లి చూసి వచ్చింది. గుంటకి నడుము లాగుతోందట, ఇంకా నొప్పులు కావట.

మర్నాడు పొద్దున్న ఏడింటికే నన్నెక్కించుకుని షాపు ముందు బండి ఆపింది. తలుపులు ఇంకా తియ్యలేదు. సిమ్ము తీసింది, పెట్టింది. ఫోన్ ఆపింది, వెలిగించింది. నాకు కోపమొచ్చి, "ఒసే, దాన్ని ఊపిరి తీసుకోనీ," అన్నాను. తొమ్మిది దాటాక హరిబాబు వచ్చి తాళం తీస్తుండగా ఫోన్ మీద మూలన సిగ్నలు గీతలు ఒకటి, రెండు, నాలుగు లేచాయి. నూకరత్నం ఫోన్‌ని రెండు కళ్లకీ అద్దుకుంది. నాకు ఒళ్లు తేలికైంది. నా ఫోన్ తీసి చూస్తే అందులోనూ గీతలున్నాయి. ఇప్పుడది నా పేరున ఉంది.

టీ తాగుదామని దిగబోతుంటే నూకరత్నం ఫోన్ మోగింది. నూకరత్నం తెర మీద పేరు చూసింది, ఆ మరుక్షణమే బండి స్టార్ట్ చేసింది. ఫోన్ నా ఒళ్లోకి విసిరింది.

"పిన్నీ, దిగకు, నువ్వెత్తు. ఝాన్సీ అత్త. బయల్దేరిపోనామని సెప్పు. గుంటని గట్టు మీద నడిపించొద్దను, నేనే ఇంటికాడికి వస్తన్నానను. దారిలో దాన్ని పట్టుకోడానికి ఎనక ఒక మనిషుండాల, నువ్వు నాతోనే రా. బేగి ఎత్తు పిన్నీ, కట్టయిపోద్ది!"