నేల మీంచి లేవడం

మొన్న భుజం నొప్పికి ఆసుపత్రికి వెళ్తే, అక్కడి అమ్మాయి వేడినీళ్ళ తొట్టిలోంచి మందపాటి గుడ్డసంచి తీసి, తువ్వాల్లో చుట్టి నా భుజం మీద వేసింది. ఆ సంచుల్లో ఉండేది బంకమట్టి. తడిసి వేడెక్కిన ఆ మట్టి వాసన తగలగానే కళ్ళు మూసుకున్నాను. మరీ వేడిగా ఉందా అని అడిగింది. లేదన్నాను. ఎస్తేరక్క పోయి అప్పటికింకా నెల కాలేదు.

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. మా ఆయన పొద్దున్నే రైలెక్కి షికాగో వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేవారు. మా అమ్మాయి స్వాతికి ఏడాది నిండలేదు. ఒకరోజు పిల్లని చంకనేసుకుని, రెండో చేత్తో ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని బేస్‌మెంటు మెట్లెక్కుతుంటే నడుములో ఏదో తెగినట్టయింది. పిల్లని వదలకుండా మెట్టు మీద కూలబడ్డాను. డాక్టరు మంచం దిగవద్దన్నాడు. వారాల తరబడి పడుకున్నాక నొప్పి తగ్గలేదు సరికదా, నిలబడే బలం కూడా పోయింది. పక్కవాటాలో ఉండే డోరతీ అనే పెద్దావిడ రోజూ వచ్చి పిల్లని ఎత్తుకుని, పాలు పట్టి, బట్టలు మార్చి వెళ్ళేది. ఆవిడ తలుపు తీయగానే స్వాతి రెండు చేతులూ పైకెత్తేది. నా వైపు ఎత్తడం మానేసింది. ఎత్తినా లాభం లేదని పిల్లకి అర్థమైపోయింది. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

ఫిజియోథెరపీకి పంపినప్పుడు, ఎవరో అమెరికన్ అమ్మాయి చూస్తుంది, ముక్కూ మొహం తెలియని మనిషే కదా అని ధైర్యం చెప్పుకున్నాను. తెర తొలగించుకుని లోపలికి వచ్చినావిడ జడని ముడిచుట్టుకున్న నలభయ్యేళ్ళ మనిషి. నా పేరు చూసి, "తెలుగువాళ్ళా? మాది బాపట్ల. నన్ను ఎస్తేరంటారు" అంది. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. శనివారం ఎవరింట్లోనో పులిహోర తింటూ నా నడుము గురించి మాట్లాడుకోవడం అప్పుడే చెవుల్లో వినబడింది. వీపు వైపు తెరుచుకుని ఉండే ఆసుపత్రి గౌను అంచులు గుప్పిట్లో బిగించి కూర్చున్నాను.

"గౌను వదలమ్మా. వీపు చూడకుండా వీపు బాగుచేసే విద్య నాకింకా రాలేదు."

"మీరు ఎవరికీ చెప్పరు కదండీ?"

"చెప్తే వినేదెవరు? ఎవరి నడుం గొడవ వాళ్ళకుంది. బోర్లా పడుకో."

వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. ముందు ఆ మట్టిసంచులతో కాపడం, తర్వాత వ్యాయామం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పొట్ట బిగించి నడుముని నేలకి అదిమిపెట్టాలి. ఇంటి దగ్గర కర్టెన్లు వేసుకుని చేసేదాన్ని. అన్నిటికంటే నాకు అసహ్యంగా ఉండేది నేల మీంచి లేవడం. ఉన్నపాటున లేవకూడదు. పక్కకి దొర్లి, చేతులూ మోకాళ్ళూ ఆనించి జంతువులా నిలబడి, ఒక పాదం ముందుకేసి, తొడ మీద చేతులు నొక్కి లేవాలి. మా ఆయన ఇంట్లో ఉంటే, ఆయన పక్కగదిలోకి వెళ్ళేదాకా అలాగే పడుకుని ఉండేదాన్ని.

"పిల్లని ఎప్పుడెత్తుకోవచ్చు?" అని వెళ్ళినప్పుడల్లా అడిగేదాన్ని. "నేను చెప్తాగా" అనేది. ఒకసారి ఉండబట్టలేక స్వాతి చేతులెత్తడం మానేసిందని చెప్పేశాను. మరుసటిసారి వెళ్ళేసరికి గోధుమపిండి సంచి ఒకటి తువ్వాల్లో చుట్టి ఉంచింది. "ముందు దీన్ని ఎత్తుకో. ఇది ఏడవదు, ఎవరికీ చెప్పదు" అంది. అప్పుడే మొదటిసారి నా నోట అక్కా అని వచ్చింది.

చలికాలంలో పక్కూరు నేపర్‌విల్‌లో రాజ్యలక్ష్మిగారి కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. వాళ్ళాయన ఎస్తేరక్క పనిచేసే ఆసుపత్రిలోనే డాక్టరు. అక్కనీ పిలిచారు. ఆవిడ క్రిస్టియన్, పూజలో కూర్చోదు. వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. నేలమీద ఎక్కువసేపు కూర్చోవద్దని నాకు చెప్పే ఉంది. గోడవారన కుర్చీల వైపు నడిచాను.

"ఏంటి వసుధా, కుర్చీ వెతుకుతున్నావ్? మా అత్తగారికి డెబ్భయ్యేళ్ళు, కింద కూర్చోలేదూ?" అంది రాజ్యలక్ష్మిగారు. పక్కనున్న ఒకావిడ, "మేమైతే పురుడు పోసుకుని నెల తిరక్కుండా కారు కింద మంచు తవ్వాం తల్లీ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి కార్పెట్ మీద కూర్చున్నాను.

కథ ఐదు అధ్యాయాలూ అయ్యేసరికి నడుము కింద కాళ్ళున్నట్టే తెలియలేదు. హారతికి అందరూ లేచారు. నేను లేవబోయి వెనక్కి వాలిపోయాను. ఎవరి చేతుల్లోనో స్వాతి ఏడుస్తోంది. "అయ్యో, ఏమైంది? చెయ్యివ్వండి, చెయ్యివ్వండి" అంటూ ఇద్దరు ముందుకొచ్చారు. నా జబ్బ పట్టుకున్నారు కూడా.

"లాగకండి!" అన్న కేక వినబడింది. ఎస్తేరక్క జనాన్ని తోసుకుంటూ వచ్చి, పట్టుచీరతోనే నా పక్కన కార్పెట్ మీద పడుకుంది. "నా వైపు చూడు. ఎవర్నీ చూడకు. పక్కకి దొర్లు." ఆవిడ దొర్లింది, నేనూ దొర్లాను. ఆవిడ మోకాళ్ళ మీద నిలబడింది, నేనూ నిలబడ్డాను. హారతి పళ్ళెం పట్టుకున్న పురోహితుడి ముందు ఇద్దరం నాలుగు కాళ్ళ మీద ఉన్నాం. "మామ్, ఆంటీస్ హార్స్ ఆడుతున్నారా?" అని ఎవరి పిల్లాడో అడిగాడు. మగవాళ్ళ వైపు నుంచి నవ్వు వినబడింది. పాదం ముందుకేసి, తొడ మీద చేతులు నొక్కి లేచాను.

చలికోట్లన్నీ గుట్టగా పడేసి ఉన్న పడకగదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ వెనకే వచ్చి తలుపు వేసింది.

"ఎందుకక్కా అందరి ముందూ? నా పరువంతా పోయింది."

"ఒక్కదానివే పాకితే అంతా పోయేది. ఇద్దరం పాకాం కాబట్టి సగమే పోయింది."

నాకు నవ్వు రాలేదు. ఆవిడ అద్దం ముందు నిలబడి కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. పిన్నీసు పెట్టబోతుంటే రెండుసార్లు జారిపోయింది.

"కాళ్ళు కనబడ్డాయా?" అని మెల్లగా అడిగింది. "రోజూ ఆ డాక్టరుగారి మొహం చూడాలి నేను. సిగ్గుతో చచ్చిపోయాననుకో."

అంతవరకు ఆవిడకి సిగ్గులాంటిది లేదనీ, అందుకే అలా చేయగలిగిందనీ అనుకున్నాను. నా పరువు గురించి ఏడుస్తూ, ఆవిడ పరువు సంగతి ఒక్కసారి కూడా తలచుకోలేదు.

ఆ రెండు గంటలు కూర్చున్నందుకు చికిత్స మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆవిడ మళ్ళీ పిండిసంచి తీసింది. మంచు కరిగాక ఒక ఆదివారం, చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. "ఇవాళ ఎత్తుకో" అంది. స్వాతికి అప్పటికి నడక వచ్చింది. నేను ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో పాదం ముందుకేసి కూర్చున్నాను. స్వాతి నన్ను దాటుకుని ఎస్తేరక్క దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఎత్తింది.

ఎస్తేరక్క తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కిటికీ వైపు తిరిగింది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

"నువ్వు పిలువు" అంది, వెనక్కి తిరక్కుండానే.

పిలవడానికి నోరు రాలేదు. కన్నపిల్ల పిలిస్తే రాకపోతే ఇంకొకరి ఎదుట ఏ మొహం పెట్టుకోను? "పిలవమ్మా" అంది మళ్ళీ. పిలిచాను. స్వాతి ఏడుపు ఆపి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ పిలిచాను. తప్పటడుగులేసుకుంటూ వచ్చి, నా ఎదురుగా నిలబడి, ముక్కు కారుతుండగా చేతులెత్తింది. గుండెకి హత్తుకుని, పాదం నొక్కి, లేచి నిలబడ్డాను. పిండిసంచి కంటే చాలా బరువుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి నేను కాలేజీలో చేరాను, నా వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చుని రాని ఇంగ్లీషులో ప్రశ్నలడిగాను. ఉద్యోగం పోయినప్పుడు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి పని అడిగాను. ప్రతిసారీ సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది. సిగ్గు పోయాక చేద్దామని మాత్రం ఎన్నడూ ఆగలేదు.